వాకిట్లో పుల్ల

నిన్న మా అపార్ట్‌మెంట్ కింద బ్లీచింగ్ పౌడర్ చల్లారు. ఆ వాసనకు నా కళ్లు పుల్ల కోసం నేలంతా వెతికాయి.

నాకప్పుడు పదమూడేళ్లు. గోదావరి పొంగి మా వీధిలోకి వస్తుంటే, నాన్న నీటి అంచున ఒక పుల్ల పాతి, అది మునగ్గానే కేకెయ్యమని నన్ను కాపలా పెట్టాడు. నేను ఆటలో పడ్డాను. చూసేసరికి దిగువ కొట్టంలో కట్టేసిన దూడ మునిగిపోయింది.

వరద తీసింది. ఊరంతా బ్లీచింగ్ చల్లారు. బడి తెరిచినా నేను పోలేదు. రోజూ వాకిట్లో ఒక పుల్ల పాతి, దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని.

ఒక పొద్దున పక్కింటి లచ్చమ్మ పెద్దమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

"నువ్వు బడికి పో బిడ్డా. పుల్లను నేను చూస్త."

"మునిగితే?"

"బడికి ఉరికొచ్చి చెప్త."

సాయంత్రం నేను వచ్చేసరికి అక్కడే ఉంది. "మునగలే" అంది. ఆ నెలంతా నాట్లకు పోకుండా అట్లాగే కూర్చుంది. ఆమెకూ ఏరంటే నాకున్నంత భయమనుకున్నాను.

అప్పటికి గోదావరి ఎప్పుడో ఒడ్డు దిగిపోయింది. వాకిట్లో మట్టి ఎండి నెర్రెలు కూడా విచ్చింది.

మునిగిన దూడ పెద్దమ్మదే. ఆ మాట నా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు.