గడువు పెంచుతారులెండి

ఆడిటర్‌గారి ఆఫీసుకు సరిగ్గా ఎదురుగా ఆయన బావమరిది కూడా ఆఫీసు తెరిచాడు. పని నేర్పింది ఈయనే. పన్ను రిటర్నులకు ఆఖరి రోజు మధ్యాహ్నం ఈయన మెట్ల మీద జనం కిటకిటలాడుతుంటే, ఎదురు తలుపుకు తాళం, దాని మీద ఓ కాగితం: "అందరివీ వేసేశాం. సోమవారం కలుద్దాం."

ఆ కాగితం చూసినప్పుడల్లా ఆయన కళ్లలో నిప్పులు పోసుకుంటున్నారు.

"పని లేక మూసుకున్నాడు వెధవ!" అని గొణుక్కున్నారు. తన పాత క్లయింట్లే పదిమంది అటు గెంతేశారని ఆయనకూ తెలుసు.

ముందే కాగితాలు తెచ్చిన ప్రతివాళ్లకూ ఆయన చెప్పే మాట ఒకటే: "కంగారెందుకు, గడువు పెంచుతారులెండి." ఫారాలు మారిన ప్రతి ఏడాదీ పెంచారు కూడా. ఈసారి ఫారాలు మారాయిగానీ గడువు మారలేదు. సైటేమో తెరుచుకోనని మొండికేస్తోంది.

మూడింటికి, టీచరుగా పనిచేసే భార్య క్యారియర్ పట్టుకొచ్చింది. ఆవిడ రిటర్ను సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

"నీ కాగితాలేవే? తొందరగా ఇలా ఇవ్వు!"

"నాది రెండు నెలల కిందటే మా తమ్ముడు వేసేశాడండీ. మిమ్మల్ని అడిగితే నాకూ ఆ మాటే చెప్పారుగా."

ఆవిడ తమ్ముడికి ఫోను కలిపి చెవి దగ్గర పెట్టుకుంది.

"మీదీ పొద్దున్నే నింపి ఉంచాడట. సైటు వాడికి ఇప్పుడే తెరుచుకుందట, మీ ఫోనుకి ఓటీపీ వచ్చిందేమో, చెప్పమంటున్నాడు."

ఎదురు తాళాన్ని కొరకొరా చూస్తూ, ఆడిటర్‌గారు ఆరంకెలూ ఒక్కొక్కటే పళ్లు నూరుతూ చదివారు.