పావురాల పార్టు

ఆ రోజుల్లో ఆకాశం నుంచి బొమ్మ దించడమంటే మా రాయచోటిలో చిన్న విషయం కాదు. కేబుల్ వైరు ఇంటింటికీ వేలాడుతున్నా, మిద్దె మీద సొంతంగా ఒక తెల్లటి డిష్ పళ్లెం ఉంటే ఆ ఇంటి గౌరవమే వేరు. అలాంటి డిష్‌లు బిగించే అంగడిలో నేను పనికి చేరాను. అంగడి మా పెద్దమ్మ కొడుకుది. నాకు అప్పటికి డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, మీసం మాత్రం వచ్చింది. మా అన్న నా చేతిలో ఒక స్పానరు, ఒక దిక్సూచి, సిగ్నల్ చూసే చిన్న మీటరు పెట్టి, "ఇంగ నువ్వే ఇంజినీరు, పో" అన్నాడు. నేను నమ్మాను. (ఈ కథలో జరిగిన నష్టాలన్నిటికీ మూలం ఆ నమ్మకమే.) మా ఊళ్లో ఇప్పటికీ కొందరు, డిష్ మీద పావురాలు వాలితే టీవీలో బొమ్మ పగులుతుందని గట్టిగా చెబుతారు. ఆ శాస్త్రాన్ని కనిపెట్టింది నేనే. పావురాలు తమ తరఫున వాదించుకోలేవు కాబట్టి, తల నెరిశాక ఆ పని నేనే చేస్తున్నాను.

ఒంటరిగా నేను బిగించిన మొదటి డిష్ బెల్లం శెట్టి ఇంట్లో. ఆయన బెల్లం టోకు వ్యాపారి. వేలికంటిన బెల్లం నాకి అది ఏ ఊరిదో చెప్పగలడు. అంతకు ముందే ఆయనకు గుండెలో పట్టేసి, వేలూరు ఆసుపత్రికి పోయి, బతికి వచ్చాడు. మెట్లు ఎక్కొద్దు, అంగడికి పోవద్దు, మంచం మీదే ఉండమన్నారు డాక్టర్లు. ఊరికే పడుకోవడం తెలియని మనిషికి పొద్దు పోవాలని ఇంట్లోవాళ్లు డిష్ పెట్టించారు. ఆయన మంచం మీద పడుకుంటే టీవీ ఎదురుగా, డిష్ సరిగ్గా ఆ గది నెత్తిన. నేను దిక్సూచి పట్టుకుని, దక్షిణానికి తిప్పి, మీటరు కూతపెట్టేదాకా సవరించి, కిందికి దిగేసరికి టీవీలో బొమ్మ అద్దంలా ఉంది. శెట్టి తల్లి (ఊరందరికీ అవ్వ) నాకు బెల్లం పానకం ఇచ్చి, "దిక్కు ఏ పక్కకు పెట్టినావు నాయనా?" అని అడిగింది. "దక్షిణానికి అవ్వా" అన్నాను గొప్పగా. అవ్వ ఒకసారి కొడుకు మంచం వైపు చూసి లోపలికి పోయింది. ఆ ఒక్క ప్రశ్న నేను అప్పుడే పట్టుకుని ఉంటే ఇక్కడ రాయడానికి ఏమీ ఉండేది కాదు.

మర్నాడు పొద్దున్నే అంగడికి ఫోను. పోయి చూస్తే బొమ్మ గళ్లు గళ్లుగా పగులుతోంది. శెట్టి మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఏమప్పా ఇంజినీరూ, ఏందిది? బ్యాటు ఒక గడిలో ఉండాది, కాలు ఒక గడిలో ఉండాది, బంతి యాడుండాదో ఆ దేవునికే తెలియల్ల. వాడు ఔటయినాడో లేదో నేను తెలుసుకునేదెట్ల? డాక్టరేమో టెన్షను పడొద్దంటాడు!" నేను మిద్దె ఎక్కి సవరించాను. బొమ్మ బాగయింది. మర్నాడు మళ్లీ ఫోను. నాకు ఉక్రోషం కంటే కుతూహలం ఎక్కువైంది. వైరు చివరి పిన్ను మార్చాను. పళ్లెం ముందు చెయ్యిలా చాచుకున్న కమ్మీ చివర ఎల్‌ఎన్‌బీ అని ఒక చిన్న డబ్బా ఉంటుంది, అది మార్చాను. టీవీ కింద పెట్టే బాక్సు మార్చాను. కరెంటు చూశాను. దండెం మీద ఆరేసిన తడి చీర అడ్డమొస్తోందేమోనని దండెం మార్పించాను. ఏది మార్చినా ఆ రోజుకు బాగుంటుంది, తెల్లారితే గళ్లు. మా అన్న, "ఇంగ ఆ ఇంట్లో మార్చాల్సింది శెట్టిని ఒక్కన్నేరా" అన్నాడు.

చివరికి నాకొక ఆలోచన తట్టింది. డిష్ నిలబెట్టిన పైపు మీద పెన్సిలుతో ఒక గీత, దాన్ని పట్టుకున్న బిగింపు మీద ఇంకొక గీత, రెండూ కలిసేలా గీశాను. మర్నాడు చూస్తే రెండు గీతల మధ్య గోరంత ఎడం. అంటే పళ్లెం తిరుగుతోంది! అంత సన్న తేడాకే బొమ్మ పగులుతుందని నాకు తెలుసు. మరి తిప్పుతున్నదెవరు? పళ్లెం మీద తెల్లటి రెట్టలు, కమ్మీకి అంటుకుని ఒక బూడిదరంగు ఈక. పక్క మిద్దె మీద పావురాల గూళ్లు. నాకు లోకం మొత్తం అర్థమైపోయింది.

ఆ గూళ్లు పక్కింటి పావురాల మామవి. మంచాలు అల్లడం ఆయన పని. పావురాలు ఆయన ప్రాణం. పొద్దున్నే మిద్దె మీద నిల్చుని "ఆవ్ ఆవ్" అని పిలిస్తే ఆకాశంలోవన్నీ ఒక్కసారిగా దిగేవి. (నా మీటరు, దిక్సూచీ కలిసి కూడా ఆకాశం నుంచి ఏదీ అంత చక్కగా దించలేదు.) నేను శెట్టి ఎదుట చేతులు కట్టుకుని నా సిద్ధాంతం చెప్పాను: "పావురాలన్నీ ఒకే అంచు మీద వాల్తాండాయి. ఆ బరువుకు పళ్లెం తిరుగుతాండాది." శెట్టి వెంటనే మామను పిలిపించాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి పక్కపక్కనే పెరిగినవాళ్లు.

"ఏమప్పా, నీ పావురాలు నన్ను సంపేటట్టుండాయే!"

"నా పావురాలా? అంగడిలో నీ బెల్లం తిన్న ఈగలు కూడా బతికే ఉండాయి గదా శెట్టీ, నిన్నెవరు సంపుతారు?"

"ఎగతాళి గాదప్పా. ఈ పిల్లోడు చదువుకున్నోడు, లెక్క కట్టి చెప్తాండాడు."

మామ నా లెక్క అడగలేదు. నా వైపు కూడా చూడలేదు. మా వెనక గడపలో చేట పట్టుకుని కందిపప్పు చెరుగుతున్న అవ్వ వైపు కాసేపు చూశాడు. అవ్వ తలెత్తలేదు. "సరే శెట్టీ, నీ గుండె కంటే ఎక్కువనా నా పావురాలు? లక్కిరెడ్డిపల్లెలో మా చెల్లెలుండాది, ఆడ ఇడిసిపెట్టి వస్తా" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన పావురాలను ఒక్కొక్కటే గంపల్లోకి ఎక్కించి, పైన వలగుడ్డ కట్టి, ప్రతి దానికీ ఏదో చెప్పి బస్సెక్కాడు. వీధి వీధంతా చూసింది. గంపలు బస్సు మీదికి అందించింది నేనే.

నా సిద్ధాంతం రుజువైతే కళ్లారా చూడాలనుకోవడం సహజమే కదా. మర్నాడు తెల్లవారుతుండగానే మామ ఇంటి బయటి మెట్లెక్కి, ఖాళీ గూళ్ల పక్కన నిల్చున్నాను. అన్నేసి పావురాలున్న చోట ఒక్క చప్పుడూ లేదు. నాకు ఏదో ఇబ్బందిగా అనిపించింది. అంతలో శెట్టి మిద్దె మీదికి అవ్వ వచ్చింది. స్నానం చేసి, తడిజుట్టు ముడివేసుకుని, ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో రోకలి. సూర్యుడికి నీళ్లు విడిచింది. దండం పెట్టుకుంది. తర్వాత రోకలిని డిష్ కమ్మీకీ పైపుకీ మధ్య దూర్చి, బలమంతా పెట్టి ఒక్క తోపు తోసింది. పళ్లెం కిర్రుమని తూర్పుకు గోరంత జరిగింది.

"అవ్వా!" అన్నాను పిట్టగోడ ఇవతల నుంచి.

అవ్వ రోకలిని చీర కొంగు వెనక దాచబోయింది. రోకలి కొంగుకు దాగే వస్తువు కాదు. "నాయనా, నువ్వా... సద్దు సేయొద్దు, వాడు లేస్తాడు" అంది.

"ఏం పని అవ్వా ఇది?"

"ఏం పనంటావా? యముని దిక్కుకు ఇంత నోరు తెరిపిచ్చి పెడితివి. దాని కింద నా కొడుకు మంచం. వాడు ఒకసారి ఆ దిక్కుదాకా పోయి వచ్చినోడు నాయనా. నాకు కన్నంటుకోల్యా."

"అట్లయితే తీసేయమని చెప్పొచ్చు గదా?"

"తీసేస్తే వానికి పొద్దెట్ల పోతాది? అంగడికి పోతానని లేస్తాడు. అందుకే పూర్తిగా తిప్పలేదు. దినాం రవ్వంత. బొమ్మా రావల్ల, దిక్కూ మారల్ల."

యముడికీ క్రికెట్టుకీ మధ్య రాజీ కుదర్చడానికి ఆ ముసలి ప్రాణం ప్రతి పొద్దూ రోకలి మోసుకుని మెట్లెక్కుతోంది. దిక్సూచి గురించి ఏదో చెప్పబోయి ఆగాను. గోడ దాటి వెళ్లి, కమ్మీ చివరి చిన్న డబ్బాను చూపించాను. "అవ్వా, ఈ పళ్లెం ఉత్త అద్దం. దీనికి చూపు లేదు. చూసేదంతా ఈ చిన్న కన్నే. ఇది యా పక్కకు చూస్తాండాదో నువ్వే చెప్పు."

అవ్వ వంగి, డబ్బా మూతిని చూసి, అది చూస్తున్న వైపు వేలు చాచింది. అటూ ఇటూ చూసుకుంది. "ఉత్తరం... కుబేరుని దిక్కు!" అంది. ముఖం విప్పారింది. "ఈ మాట మొదట్నే చెప్పింటే సచ్చిపోతాండెనా నువ్వు?"

డిష్ సవరించి బిగించాను. అవ్వ నా చేత తన చేతిలో చెయ్యి వేయించుకుంది. "వానికీ కోడలికీ చెప్పొద్దు. ముసిల్ది టీవీ చెరుపుతాండాదని ఊరంతా నవ్వుతారు." చెప్పనన్నాను. ఆ రోజు నుంచి శెట్టి టీవీలో ఒక్క గడి పగల్లేదు. పావురాలు పోయింది ముందు రోజు; బొమ్మ బాగయింది ఆ రోజు. ఊరికి ఇంకేం సాక్ష్యం కావాలి? "పిల్లోడు పట్టేసినాడప్పా" అన్నారు. నేను అవ్వకిచ్చిన మాటను అడ్డం పెట్టుకుని ఆ పొగడ్తను కూడా జేబులో వేసుకున్నాను. మాట నిలబెట్టుకోవడం అంత సుఖంగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

వారం తిరక్కముందే పావురాలు తిరిగొచ్చాయి. మొదట రెండు, తర్వాత అన్నీ. లక్కిరెడ్డిపల్లె నుంచి కొండలు దాటి, ఏ మీటరూ లేకుండా. వచ్చి తిన్నగా శెట్టి డిష్ మీదే వాలాయి. నేను అటుగా పోతుంటే మామ మిద్దె మీద తువ్వాలు ఊపుతూ, "పోండి, పోండి, ఆడ వాలొద్దు" అని తన పావురాలను తానే అదిలిస్తున్నాడు. అవి దిగడానికి వస్తాయి, ఆయన తువ్వాలు ఊపుతాడు, అవి మళ్లీ లేస్తాయి. వాటికి అర్థం కావడం లేదు. అది చూడలేకపోయాను. నిజం చెబితే అవ్వ పరువు పోతుంది. చెప్పకపోతే పావురాలు పోతాయి. శెట్టి మిద్దె పరుగున ఎక్కి, జేబులో మిగిలిన రాగితీగ ముక్కను డిష్ కమ్మీకి మూడు మెలికలు చుట్టాను. "మామా, ఇంగ తోలొద్దు. కొత్త పార్టు వేసినా. పావురాలు ఎన్ని వాలినా ఏమీ కాదు" అన్నాను. మామ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. పావురాలు దిగాయి. బొమ్మ బాగానే ఉంది.

ఆ తర్వాత జనం మా అంగడికి వచ్చి "పావురాల పార్టు" అడగడం మొదలుపెట్టారు. పావురాలు లేనివాళ్లు కూడా. మా అన్న నన్ను పక్కకు పిలిచి, "ఏందిరా అది, మనకాడుండాదా?" అని అడిగాడు. అది వేరే కథ.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. శెట్టి ఇప్పటికీ బెల్లం నాకి ఊరి పేరు చెబుతున్నాడు. (ఇది చదివితే ఏమంటాడో.) ఈ మధ్య ధైర్యం చేసి మామ దగ్గరికి పోయాను. ముసలివాడైపోయాడు. మిద్దె మీదే కూర్చుని గింజలు చల్లుతున్నాడు. రోకలి సంగతి మొత్తం చెప్పి, తప్పయిపోయిందన్నాను. ఆయన గింజలు చల్లడం ఆపలేదు.

"నాకు తెల్దా అల్లుడా? దినాం పొద్దున్నే నేను ఈడనే గదా ఉండేది. అవ్వ రోకలెత్తుకోని వచ్చేది చూస్తానే ఉంటి."

"మరి ఆ పొద్దు ఎందుకు చెప్పలేదు మామా?"

"కొడుకు మీద దిగులుతో చేస్తాండాది. చెప్తే ఆ ఇంట్లో ఆమె మర్యాద ఏం గావల్ల? పావురాలదేముంది, ఎట్లయినా తిరిగొస్తాయని నాకు తెల్సు." ఇంకో గుప్పెడు గింజలు చల్లి, శెట్టి మిద్దె మీద తుప్పు పట్టి, ఎప్పుడో పనిమానేసిన డిష్ వైపు చూపించాడు. "తువ్వాలు ఊపింది ఉత్తదే, శెట్టి కిటికీలోనించి చూస్తాండాడని. అయితే ఒకటి చెప్తా. నువ్వేసిన పార్టు మాత్రం గట్టిదబ్బా! అది పడినాకనే నా పావురాలకు నిమ్మళం. దాన్ని తీయొద్దని శెట్టికి చెప్పిపెట్టినా."

రాగితీగ పచ్చబారింది, మూడు మెలికలూ అలాగే ఉన్నాయి. అది ఉత్త తీగముక్కేనని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో ఒక పావురం వచ్చి సరిగ్గా దాని పక్కన వాలింది.

"అవును మామా, గట్టిదే" అన్నాను.

మెట్లు దిగబోతూ, చేతిలో దిక్సూచి, ముఖం మీద కొత్త మీసం ఉన్న ఆ ఇంజినీరు గుర్తొచ్చి, వెనక్కి తిరిగి ఆ చిన్న డబ్బా ఎటు చూస్తోందో ఒకసారి చూసుకున్నాను. ఉత్తరానికే.