సార్ టిక్కు పెట్టించని ప్రశ్న

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే బస్సులో ఇంగ్లిష్ పాఠం జవాబులు బట్టీ పడుతున్నాను. అప్పుడు నాది పదో తరగతి. మా చిన్న ప్రైవేటు స్కూల్లో సార్ ఏనాడూ కథ చెప్పలేదు. పరీక్షలో వచ్చే ప్రశ్నలకు టిక్కులు పెట్టించి, మిగతావి రావు, వదిలేయండి అనేవారు. కథ తెలియకపోయినా మార్కులు వచ్చేవి.

పక్కన ఒకామె కూర్చుంది. ఆమె ఒళ్లో పిల్లవాడు నిద్రపోతున్నాడు.

"ఏం సదువుతున్నవ్ బిడ్డా?"

కథ అన్నాను. చెప్పమంది. తెలిసినంత చెప్పాను: సముద్రం మీదికి పోయిన తండ్రి కోసం ఒక పిల్ల రోజూ ఒడ్డున దీపం పెడుతుంది.

"మరి ఒచ్చిండా ఆళ్ల నాయిన?"

నాకు తెలియదు. ఆ ప్రశ్నకు టిక్కు లేదు.

"వీని నాయిన గూడ దుబాయి పోయిండు. శాన దినాలాయె, ఫోనే లేదు. జర సూసి సెప్పు."

చివరి పేజీ తీసి, వేలు పెట్టుకుని మెల్లగా చదివాను. అర్థమయ్యాక తల ఎత్తలేకపోయాను.

"ఇగ సెప్పకు బిడ్డా," అని పిల్లవాడికి ఎండ తగలకుండా కొంగు కప్పింది.

శామీర్‌పేటలో దిగిపోయింది.

సార్ అన్నట్టే, ఆ ప్రశ్న పరీక్షలో రాలేదు.