మామ్మగారి బిందెలో బాపట్ల సముద్రం

ఆ రోజుల్లో నేను అబద్ధాలాడేవాణ్ణి కాదండి. నిజం మరీ బక్కగా కనిపిస్తే జాలిపడి నాలుగు ముద్దలు పెట్టేవాణ్ణి, అంతే. డిగ్రీ అవగానే దొరికిన మొదటి ఉద్యోగం గోతులు తవ్వడం. (ఇంట్లో మాత్రం ‘భూకంపాల పరిశోధన’ అని చెప్పాను.) మా సారుది వింత పని. భూకంపం కోసం ఎదురుచూడరు. నేల లోలోపల ఎప్పుడూ చేసే సన్నటి గొణుగుడును పెట్టెల్లో పట్టి, అడుగున మెత్తటి ఒండ్రు ఎంత లోతుందో, గట్టి రాయి ఎక్కడుందో పటం గీస్తారు. రేపు భూమి కదిలితే ఏ ఊరు ఎక్కువ ఊగుతుందో ముందే తెలుస్తుందట. ఆ గొణుగుడులో ఎక్కువ భాగం సముద్రపు అలలదే. బాపట్లలో ఒక పెట్టె, రేపల్లెలో ఒకటి పాతాం. మూడోది తెనాలి పక్కన నందివెలుగులో, ఓ మామ్మగారి పెరట్లో పాతాలి. “ఆవిణ్ణి ఒప్పించలేకపోతే నువ్వు ఇంటికి పోవచ్చు” అన్నారు సారు.

“నా కనకాంబరాల పక్కన గొయ్యేంటయ్యా?” అన్నారు మామ్మగారు.

“బాపట్ల సముద్రాన్ని వినడానికండి.”

“ఇక్కణ్ణుంచా? ఏదీ, నాకూ వినిపించు. వినబడితేనే గొయ్యి.”

పెట్టె వినేది మన చెవులకు అందదు. ఆ ముక్క చెప్పి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? అరుగు మీది ఖాళీ ఇత్తడి బిందె తెచ్చి, మూతి ఆవిడ చెవికి ఆనించాను. ఒకటే హోరు! పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడని మనిషి, కళ్లు మూసుకుని, “ఓరి నాయనో, ఎంత దగ్గరకొచ్చిందయ్యా!” అన్నారు. గొయ్యితోపాటు నాకు పెసరట్టు కూడా దక్కింది.

మర్నాటికి పెరడంతా బిందెలే. అంగలకుదురు నుంచి ఆవిడ వియ్యపురాలు సొంత బిందెతో దిగింది. (“మా స్టీలుదాంట్లో అల సన్నగా వస్తోంది వదినగారూ!”) పెట్టె పక్కనే నిలబడి వినాలని అందరికీ పట్టుదల. “తోసుకోకండి, అలలు బెదురుతాయి” అని నేను వరస నడిపాను.

వారానికి సారు వచ్చి, లాప్‌టాప్ తెరిచి నెత్తి పట్టుకున్నారు. “ఏంటయ్యా ఇది? అన్నీ మనుషుల అడుగులే! ఇక్కడేమన్నా తిరునాళ్లు జరిగాయా? ఇంక పెట్టె ఎత్తెయ్, నువ్వూ బయల్దేరు.”

మామ్మగారే అందుకున్నారు. “అబ్బాయినేం అనకు బాబూ. నీ పెట్టెలో సముద్రం లేకపోతే నా బిందెలో విను.”

సారు శాస్త్రం పరువు కాపాడదలచుకున్నారు. జనం రాకముందు పెట్టె పట్టిన గొణుగుడును మన చెవికి అందేటంత వేగం పెంచి, ఇయర్‌ఫోన్లు ఆవిడ చెవుల్లో పెట్టారు. “ఇదండీ అసలు సముద్రం.”

ఆవిడ శ్రద్ధగా విన్నారు. “ఇది రైసుమిల్లు బాబూ” అని తీర్పు చెప్పి, బిందె తెచ్చి సారు చెవికి ఆనించారు. ఆయన చాలాసేపు దించలేదు. దించాక, “పెట్టె ఉండనీ. బిందెలు మాత్రం వీధి అరుగు మీద” అన్నారు. ఆ తర్వాత మామ్మగారు పెరట్లోకి కోణ్ణి కూడా రానివ్వలేదు. నా ఉద్యోగం నిలబడింది.

జీతం అందాక బాపట్ల తీసుకెళ్తానన్నాను. “ఇంట్లో పెట్టుకుని అంత దూరం ఎందుకయ్యా?” అన్నారు.

ఇప్పుడావిడ లేరు. మొన్న బాపట్ల ఒడ్డున నిలబడితే, ఎదురుగా మోగుతున్న సముద్రం నాకే కాస్త అతిశయోక్తిగా అనిపించింది. తాగేసిన టీ గ్లాసు చెవికి ఆనించుకున్నాను. ఆఁ, ఇదీ అసలుది.