శాపానికి రెండు పోగులు

మా చిన్నాయన పోయాడని ధర్మవరం నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను హిందూపురంలో క్లాసులో ఉన్నాను. బోర్డు మీద వాక్యం సగంలో ఆపి బయటికి వచ్చేశాను. ఆ వాక్యం ఏమిటో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

ఆయన పట్టుచీరల అంచులకు గ్రాఫ్ కాగితం మీద డిజైన్లు గీసేవాడు. మిగిలిన కాగితాల మీద మా కోసం కోటలు, సొరంగాలు గీసేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు మగ్గం పక్కన చాప పరిచి ఆట ఆడించేవాడు. కథ ఆయనది, అందులోని మనుషులం మేము. ఏం చేస్తామో మేం చెప్పాలి, అది జరిగిందో లేదో పాచికలు చెప్పాలి.

ఇలాంటి వేరే ఆటల్లో మంత్రగాడు నిద్ర లేచేసరికి పోయిన శక్తి తిరిగొస్తుంది. ఆయన ఆటలో రాదు. ఒక్కొక్కరికి గోడ మీద ఒక మేకు, దానికి అరవై పట్టుపోగులు. మంత్రం ఎంత పెద్దదైతే అన్ని పోగులు కత్తిరించాలి. అన్నీ అయిపోతే ఇంకొకరు తమ పోగు ఇవ్వాలి. మగ్గం మీద అయిపోవచ్చిన పడుగు దారాలకు కొత్త పడుగు దారాలు అతికినట్టే, వేళ్లకు బూడిద అద్దుకుని కొసలు పురి పెట్టాలి.

మంత్రం అనగానే ఆయన అడిగేది ఒకటే: "ఇచ్చేకి ఏముండాది పాపా?" నలభై దాటినా నేను పాపనే.

శాపం పెడతానన్నవాళ్లను మాత్రం వాకిట్లోకి పిలిచి, దాని ధర చెవిలో చెప్పేవాడు. విన్నవాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తేవారు కాదు. పద్నాలుగేళ్లప్పుడు నేనూ విన్నాను.

మాతో ఆడిన పెనుకొండ అతను ఈ ఆటను బెంగళూరులో పెట్టెలో పెట్టి, తన పేరు వేసుకుని అమ్మాడు. పోగుల బదులు ప్లాస్టిక్ బిళ్లలు. చిన్నాయన ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, అంచు బాగా గీశాడన్నాడు. అంతే. ఆ తర్వాత ఏ ఆదివారమూ చాప పరచలేదు. నేను క్షమించలేనిది అదే.

పదకొండో రోజు అతనొచ్చాడు. ఫోటోకు దండం పెట్టి నన్ను పక్కకు పిలిచాడు. తన ఆటలో అందరూ ఒకరినొకరు శపించుకుని అరగంటలో ముగించేస్తున్నారట, కొన్నవాళ్లు తిడుతున్నారట.

"శాపానికి చిన్నాయన ఏందో పెట్టినాడు గదక్కా. ఆ నోటుబుక్కు యాడుండాది?"

ఆట నియమాలన్నీ చిన్నాయన రాసుకున్న ఆ పుస్తకం నా సంచిలోనే ఉంది.

"చూసి నేర్చుకున్నోనివి గదప్పా, ఇది గూడా చూసుకో."

"ఆయనుంటే చెప్పేవాడు."

నిజమే. చెప్పి, టీ కూడా తాగించి పంపేవాడు. అందుకే నాకు ఇంకా మండింది. తల వంచుకుని అతను గడప దాటుతుంటే హాయిగా అనిపించింది. ఆ హాయి చిన్నాయన తరఫునో, నా తరఫునో తేల్చుకోలేకపోతున్నాను.

పద్నాలుగేళ్లప్పుడు చిన్నాయన నా చెవిలో చెప్పిన ధర ఇది: శపించేవాళ్లు తమ పోగును శత్రువు పోగుకు అతకాలి. ఆట ముగిసేదాకా వాడికి తగిలే ప్రతి దెబ్బలో సగం వీళ్లది.

మేకులు ఇంకా గోడకే ఉన్నాయి. అతని మేకుకు మూడు పోగులు మిగిలాయి, నా మేకుకు పదిహేడు. వేళ్లకు బూడిద అద్దుకుని, అతని ఎర్రపోగొకటి, నా ఆకుపచ్చ పోగొకటి లాగి, కొసలు కలిపి పురి పెట్టాను.

చిన్నమ్మ మళ్లీ మగ్గం ఎక్కిన రోజు చూశాను. ఆమె నేస్తున్నంతసేపూ గోడ సన్నగా అదురుతోంది. రెండు మేకుల మధ్య ఆ పోగు, సగం ఎరుపు, సగం ఆకుపచ్చ, ఒక్కటిగా ఊగుతోంది.