పద్నాలుగో నంబరు అవ్వ

బాన్సువాడలో ఒక ప్రైవేటు దవాఖానవాళ్లు టోకెన్ నంబర్లు చూపించే టీవీ ఆగిపోయిందని ఫోన్ చేస్తే ఈ మధ్యాహ్నం వెళ్లాను. దాని వెనకున్న లినక్స్ కంప్యూటర్‌ని బిగించింది నేనే. లోపల నంబర్లు వరసగా నడుస్తున్నాయి కానీ, తెర మీద మాత్రం పొద్దుటి పన్నెండో నంబరే నిలిచిపోయింది. మౌస్ బాణం తిరిగిన చోట మాత్రం కొత్త బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తోంది. తెర మీద బొమ్మను చూపించే డిస్‌ప్లే సర్వర్ ప్రోగ్రాం రాసుకునే చిట్టా (లాగ్) అంతా వెతికినా ఒక్క తప్పూ కనబడలేదు. చివరికి గ్రాఫిక్స్ డ్రైవర్ సెట్టింగ్ ఒకటి మార్చి సర్వర్‌ని మళ్లీ నడిపిస్తే, నంబరు ఒక్కసారిగా నలభైకి దూకింది.

నా వెనక బెంచీ మీద కూర్చున్న ఒక అవ్వ లేచి నా దగ్గరికి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో డోంగ్లి నుంచి ఒక్కతే వచ్చిందట. చేతిలో పద్నాలుగో నంబరు చీటీ ఉంది.

"బిడ్డా, నా నంబర్ ఎప్పుడొస్తది?"

"అయిపోయిందవ్వా. డాక్టర్ సాబ్ గూడ ఇప్పుడే వెళ్లిపోయిండు. మల్ల సోమవారమే వస్తడు."

"అట్లెట్ల అయితది? పొద్దుగాలకెల్లి గా టీవీ దిక్కే చూస్తున్న గదా!"

టీవీ ఆగిపోయాక నర్సు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచిందట. అవ్వకు చెవులు సరిగ్గా వినబడవు.

"మిషన్ ఖరాబైందవ్వా, నీ తప్పేం లేదు," అన్నాను.

"ఇగ సోమవారం మల్లొస్త తియ్యి," అని గోడ పట్టుకుని మెట్లు దిగింది.

ఆమె ముందే గంటసేపు వైర్లు పీకుతూ కూర్చున్నాను. "నీ నంబరెంత అవ్వా?" అని ఒక్క మాట అడగలేదు. మీరైతే అడిగేవారా?