రాజవ్వ ఉత్తరం మీద నా పాట

పోయిన వారం మోటారుకు చుడుతున్న రాగి తీగ తెగి చూపుడు వేలు లోతుగా కోసుకుంటే ఎల్లారెడ్డి ఆసుపత్రికి వెళ్లాను. నర్సమ్మ నా జబ్బ మీద స్పిరిట్ దూదితో రుద్దింది. సూది ఎప్పుడు గుచ్చిందో నాకు తెలియలేదు. ఆ వాసన ముక్కుకు తగలగానే కామారెడ్డిలో రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో, సత్తెన్న క్యాసెట్ల దుకాణంలో, పదిహేడేళ్లవాడినై చెక్క స్టూలు మీద కూర్చున్నాను. సత్తెన్న పొద్దున్నే షట్టర్ ఎత్తి, అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి టేప్ డెక్కుల లోపలి హెడ్డు తుడిచేవాడు. తుడిచిన దూదిని వెలుతురులో పెట్టి ఎంత మురికి వచ్చిందో చూసుకున్నాకే మొదటి పాట పెట్టేవాడు. ముప్పై ఏళ్లు దాటిపోయాయి. ఆ మనిషి గురించి రాయాలని ఎన్నోసార్లు అనుకుని మానేశాను. ఆయన గురించి రాయాలంటే ముందు నేను చేసిన పని రాయాలి.

నేను కామారెడ్డిలో గది తీసుకుని ఇంటర్ చదువుతున్న రోజులవి. చదువుతున్నానని మా బాపు అనుకునేవాడు. కాలేజీ గంట కొట్టగానే నేను సత్తెన్న దుకాణంలో ఉండేవాడిని. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు టేప్‌రికార్డర్లతో పాటు తమ గదుల్లో ఉండే పరదేశీలు ఇచ్చిన ఇంగ్లీషు క్యాసెట్లు కూడా తెచ్చేవాళ్లు. ఇంట్లో ఎవరూ వినక, వాటిని సత్తెన్నకు ఇచ్చేసి జానపదాలు, సినిమా పాటలు నింపించుకుని పోయేవాళ్లు. అలా చేరిన క్యాసెట్లు దుకాణం మూల ఒక అట్టపెట్టెలో దుమ్ము పట్టి ఉండేవి. ఒకనాడు ఊరికే అందులోంచి ఒకటి తీసి పెట్టమన్నాను. గిటారు మొదలైంది. తర్వాత డ్రమ్ములు, ఆ తర్వాత ఎవడో గొంతు చించుకుని అరవడం. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ నా లోపల ఎవరికీ చెప్పుకోలేక ఉడుకుతున్నదేదో అతడు నా బదులు అరుస్తున్నట్టు అనిపించింది.

సత్తెన్నకు ఆ సంగీతం నచ్చేది కాదు. అయినా నాకు వినడం నేర్పింది ఆయనే. హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టి, "అరుపు ఇడిసిపెట్టు తమ్మీ. కింద ఒకటి బుంయ్ బుంయ్ అని నడుస్తుంటది సూడు, దాన్ని పట్టుకో. పాటను మోసేది గదే" అన్నాడు. ఆ రోజు నుంచి నేను పాటను కింది నుంచి పైకి వినడం మొదలుపెట్టాను. ఇవాళ బోరు మోటారు పక్కన నిలబడి బేరింగు పోయిందా, వైండింగు కాలిందా అని చెవితో చెప్పగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. సోల్డరింగ్ పట్టడం నేర్పింది కూడా ఆయనే.

పాటలు నింపడం ఆయన బతుకుదెరువు. ఉత్తరాలు మాత్రం ఆయనకు ఒక దీక్ష లాంటివి. మాచారెడ్డి, రామారెడ్డి వైపు పల్లెల నుంచి ఎందరో మగవాళ్లు మస్కట్‌కు, దుబాయ్‌కి పోయి ఉండేవాళ్లు. ఫోను అందరికీ అందేది కాదు. రాయడం రాని ఆడవాళ్లు బస్సెక్కి కామారెడ్డి వచ్చి సత్తెన్న దుకాణంలో తమ మాటను క్యాసెట్‌కు ఎక్కించేవాళ్లు. సెలవు మీద వచ్చి తిరిగి పోయేవాళ్లెవరైనా దాన్ని పట్టుకుపోయేవాళ్లు. లోపల పాత దుప్పట్లు కొట్టిన చిన్న గది, అందులో ఒక మైకు. కొందరికి ఆ మైకు చూస్తే నోరు పెగిలేది కాదు. "ఆయన నీ ముందట కూసోని అన్నం తింటుండనుకో చెల్లె, అప్పుడు మాట్లాడు" అని చెప్పి, మీటరులో ముల్లు ఎంతవరకు ఊగుతోందో చూసుకుని, సత్తెన్న బయటికి వచ్చేసేవాడు. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేవాడు. ఫ్యాను పెద్దగా తిప్పేవాడు. అయిపోయాక కూడా ఒక్క ముక్క వినేవాడు కాదు. సరిగా ఎక్కిందో లేదో చూసుకోవాలి గదా అని నేనొకసారి అడిగాను. "ముల్లు ఊగింది గద, సాలు. మాట వాండ్లది" అన్నాడు.

రాజవ్వ అనే ఆమె మాచారెడ్డి దగ్గరి పల్లె నుంచి వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. భర్త మల్లయ్య మస్కట్‌లో తాపీ పని. అరగంట మాట్లాడి, కళ్లు తుడుచుకుంటూ, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయింది. ఆమె పోయిన కాసేపటికి సత్తెన్న స్టేషన్‌లో పార్సిల్ తెచ్చుకోవడానికి బయల్దేరుతూ, గంటసేపు దుకాణం చూడమని నాకు చెప్పాడు. ఆ రోజు నా చేతిలో ఒక క్యాసెట్ ఉంది. గల్ఫ్ నుంచి వచ్చిన ఒకాయన సాయంత్రానికల్లా తిరిగి ఇమ్మని నాకు ఇచ్చినది. అంత గొప్ప గిటారు నేను అంతకుముందు వినలేదు. దాన్ని నింపుకోవడానికి నా దగ్గర ఖాళీ క్యాసెట్ లేదు, దుకాణంలోది కొనడానికి ఆ రోజు జేబులో పైసలు లేవు. బల్ల మీద రాజవ్వ క్యాసెట్ ఉంది. ఉత్తరం అయిపోగానే మళ్లీ రికార్డు కాకుండా సత్తెన్న విరిచేసే ప్లాస్టిక్ రేకులు, తొందరలో ఉన్నాడేమో, ఇంకా విరవలేదు.

అది ఉత్తరమని నాకు తెలుసు. ఒక వైపే మాట్లాడి ఉంటుంది, రెండో వైపు ఖాళీయే కదా, ఇప్పటికి దాంట్లో నింపుకుని రేపు కొత్త క్యాసెట్ కొని ఎక్కించుకుని దీన్ని చెరిపేద్దాం అనుకున్నాను. ఏ వైపు మాట ఉందో పెట్టి చూస్తే తెలిసేది. కానీ ఉత్తరం వినకూడదు, అది సత్తెన్న నియమం. నవ్వొస్తుంది ఇప్పుడు. ఇంకొకరి క్యాసెట్ వాడుకోవడానికి అడ్డురాని నీతి, దాన్ని వినడానికి అడ్డొచ్చింది. వినకుండానే దాన్ని ఏదో ఒక వైపు పెట్టి, ప్లే, రికార్డు రెండు మీటలూ నొక్కాను. అరగంట అయ్యాక తీసి ఎక్కడిది అక్కడ పెట్టాను. సత్తెన్న వచ్చి రేకులు విరిచి, కాగితం చుట్టి, మస్కట్ పోవడానికి మర్నాడు తెల్లారే బొంబాయి బస్సెక్కబోతున్న, రామారెడ్డి ఊరి ఆయన చేతిలో పెట్టాడు. మల్లయ్యకు ఒక వైపు పెండ్లాం మాట, ఒక వైపు మంచి సంగీతం అందుతాయని నేను లోలోపల నవ్వుకున్నాను కూడా.

రెండు నెలల తర్వాత మల్లయ్య వాళ్ల అన్న ఆ క్యాసెట్ పట్టుకుని దుకాణానికి వచ్చాడు. మస్కట్ నుంచి మల్లయ్య ఎవరి చేతనో తిప్పి పంపాడట. "పైసలు దీస్కొని ఈ పిచ్చి కేకలు పంపుతవా? ఆడపిల్ల బస్సెక్కి వచ్చి ఏడుసుకుంట చెప్పిపోయింది. ఆమె మాటేది?" అని బజారు వినేటట్టు అడిగాడు. సత్తెన్న క్యాసెట్ డెక్కులో పెట్టాడు. గిటారు మొదలైంది. తిప్పి రెండో వైపు పెట్టాడు. ఖాళీ. నేను రెండడుగుల దూరంలో స్టూలు మీద ఉన్నాను. సత్తెన్న నా వైపు చూడలేదు. "నా దుకాణంల అయింది అన్నా. తప్పు నాదే" అన్నాడు, రెండు చేతులూ జోడించి. ఆయన వయసు అప్పటికి నలభై. ఆ వచ్చినవాడు అంతకంటే చిన్నవాడు. చుట్టూ మనుషులు చేరారు. నేను నోరు తెరవడానికి చాలా సమయం ఉంది. తెరవలేదు.

ఆ మాట పల్లెలకు పాకింది. సత్తెన్న దగ్గర ఉత్తరం పెడితే చేరదు అన్నారు. మూడు నాలుగు నెలల్లో లోపలి గదిలో ఆయన పెళ్లిళ్లకు కిరాయికిచ్చే సౌండు పెట్టెలు పెట్టుకున్నాడు. నేను వారానికే ఆ దారి మానేశాను. కాలేజీకి వెనక సందుల్లోంచి చుట్టు తిరిగి పోయేవాడిని. పరీక్ష తప్పాను. మా ఊరు ఎల్లారెడ్డికి తిరిగొచ్చి మోటార్ వైండింగ్ పనిలో చేరాను. ఆ వేసవిలో మల్లయ్య సంసారం ఏమైందోనన్న ఆలోచన నన్ను తినేసింది. అరగంట ఏడ్చి చెప్పిన మాటలో ఏముందో? ఎవరికి బాగాలేదో, ఏ సాయం అడిగిందో? అడిగిన మాట చేరక ఏం పాడైందో? గిటారు ఎక్కడ వినిపించినా ఆ జోడించిన చేతులే కనిపించేవి. నాకు ప్రాణమైన సంగీతాన్ని నేనే నాకు కాకుండా చేసుకున్నాను.

పన్నెండేళ్లు గడిచాయి. అప్పటికి నాకు సొంత దుకాణం, పెళ్లి, పిల్ల. రాగి తీగ కోసం కామారెడ్డి వెళ్లినవాడిని, ఆ రోజు ఎందుకో సందుల్లోకి తిరగకుండా నేరుగా నడిచాను. అదే షట్టర్ కింద సత్తెన్న మొబైల్ ఫోన్లు బాగు చేస్తున్నాడు. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి ఛాయ్ చెప్పాడు. ఛాయ్ చల్లారిపోయింది. చివరికి, "అన్నా, గా మస్కట్ క్యాసెట్..." అన్నాను.

"నువ్వే చేసినవ్. ఎర్కే" అన్నాడు, చేతిలో పని ఆపకుండా.

"ఎట్ల ఎర్క?"

"గా పాట కామారెడ్డిల నువ్వు గాక ఇంకెవడు ఇంటుండె?"

"మరి గప్పుడే ఎందుకు అనలే అన్నా?"

సత్తెన్న అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వే చెప్తవని చూసిన. వారం దినాలు చూసిన. అటెనుక నువ్వు రానే రాకపోతివి." మళ్లీ అద్దాలు పెట్టుకుంటూ అన్నాడు, "నాకు చెప్పుడు అయిపాయె. ఇగ ఆమెకు చెప్పుడున్నది."

ఆ ఆదివారమే మాచారెడ్డి బస్సెక్కాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. రాజవ్వ వాకిట్లో మక్కజొన్న గింజలు ఎండబోస్తోంది. మల్లయ్య తిరిగొచ్చి అయిదారేళ్లయిందట, అరుగు మీద ఉన్నాడు. ఇద్దరి ముందూ నిలబడి, సత్తెన్న తప్పు లేదని, ఆ పని చేసింది నేనని చెప్పాను. మల్లయ్య తొడ చరుచుకుని నవ్వాడు. "నువ్వేనా? అరగంట గా కేకలు మొత్తం విన్న తమ్మీ. నడుమ ఎక్కడన్న ఈమె మాట్లాడుతదేమో, ముందుకు తిప్పితే పోతదేమో అని. మా రూమోళ్లు ఒకటే నవ్వుడు, నీ పెండ్లాం గొంతు మస్తు మారిందిరో అని." అతిథి వచ్చాడు గదా, పాలు తెమ్మని రాజవ్వ ఆయన్ని పంపింది.

ఆయన సందు తిరిగేదాకా ఆగి, మక్కలు చదును చేస్తూ, తల ఎత్తకుండా మాట్లాడింది. ఎనిమిది నెలలు మల్లయ్య దగ్గర నుంచి మాట లేదట. అక్కడ ఇంకెవరినో పెట్టుకున్నాడని ఊళ్లో అన్నారట. ఆ కోపంలో, నువ్వు రావద్దు, వచ్చినా నేనుండను, నీకూ నాకూ ఇంక లేదు అని ఆ క్యాసెట్ నిండా చెప్పిందట. బస్సు మాచారెడ్డి చేరేసరికి కోపం దిగిపోయింది. మర్నాడు క్యాసెట్ ఇమ్మని అడగడానికి కామారెడ్డి వచ్చింది. అప్పటికే అది బొంబాయి బస్సెక్కిపోయింది. ఆ తర్వాత తెలిసిందట, మల్లయ్య పని చేస్తుండగా మీద నుంచి పడి కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడని, అందుకే మాట లేదని.

"రెండు నెలలు నాకు తిండి సయించలే తమ్మీ. కాలు ఇరిగి పండుకున్న మనిషి గా మాటలు ఇంటే ఏమైతుండె? పాటలే వచ్చినయట అని మా బావ లొల్లి పెడుతుంటే, నేను బర్ల కొట్టంలకు పోయి కూసోని ఏడ్సిన, నవ్విన." అప్పుడు తల ఎత్తింది. "గని గా దుకాణపాయన మీదికి మా బావ పోతుంటే, వద్దు, పోనీ అని అననైతి. అంటే ఏం చెప్పినవని అడుగుతరు. నేను సుత నోరు మూస్కున్న."

మల్లయ్య పాలతో వచ్చాడు. ఛాయ్ తాగాను. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, పన్నెండేళ్లుగా రొమ్ము మీద ఎవరో పెట్టిన రాయి దిగినట్టయింది. ఊపిరి చివరిదాకా పోతోంది. నేను చేసిన తప్పు తప్పే. అది మంచికి తిరగడం నా గొప్ప కాదు. ఆ మాటలకు బదులు ఇంట్లో ఎవరికో జబ్బు చేసిన సంగతి అందులో ఉంటే? ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. అయినా ఆ రోజు నేను బస్సులో నవ్వుకుంటూనే వచ్చాను.

కామారెడ్డిలో దిగగానే నేరుగా సత్తెన్న దగ్గరికి పోయాను. "అన్నా, ఆమె ఏం చెప్పిందో తెలుసునా, గా క్యాసెట్ల..." అని మొదలుపెట్టాను. ఆయన అరచెయ్యి ఎత్తి ఆపేశాడు.

"వద్దు. గది వాండ్లిద్దరి ముచ్చట. మంచిగున్నరా?"

"మంచిగున్నరన్నా."

"నీ మీద కోపం జేసిండ్రా?"

"నవ్విండ్రు."

"అయితే సాలు" అని, చాలాకాలం తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. వచ్చే ఆదివారం రాజవ్వ మల్లయ్యను వెంటబెట్టుకుని వస్తానన్నదని మాత్రం చెప్పాను. వచ్చారట. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అప్పటి నుంచి కామారెడ్డి వెళ్లినప్పుడల్లా ఆయన దగ్గర కూర్చునేవాడిని. గిటారు సంగీతం మళ్లీ వినడం మొదలుపెట్టాను. మూడేళ్ల కిందట ఆయన పోయాడు. మోసినవాళ్లలో నేనొకడిని.

పోయిన నెల ఒక రైతు మోటారుకు నేను చేసిన వైండింగు రెండో రోజే కాలిపోయింది. విప్పి చూస్తే కనెక్షన్ తప్పు. నాదే. కరెంటు హెచ్చుతగ్గుల మీదికి నెట్టేస్తే నమ్ముతాడు. మా పనిలో అందరం అదే చెబుతాం. వరి పొట్ట మీద ఉంది, నీళ్లు ఆగితే గింజ పట్టక తాలు పోతుంది. నా దుకాణంలో ఉన్న నా సొంత మోటారును బండికెక్కించుకుని పొలానికి పోయి, ముందుగా చెప్పాను, "తప్పు నాదే బాపూ, తీగ కలుపుడు తప్పిన" అని. ఆయన గట్టు మీద నిలబడి నన్ను, నా పనిని, నాకు పని నేర్పినవాణ్ని కలిపి పది నిమిషాలు తిట్టాడు. పని నేర్పినవాడి దాకా వచ్చినప్పుడు మాత్రం, "ఆయన మంచిగనే నేర్పిండు, తప్పు నాదే" అన్నాను. మిగతాదంతా తల వంచుకుని విన్నాను. ఆయన అలసిపోయాక, ఇద్దరం కలిసి మోటారు దించాం.